ప్రతి పాఠానికీ ఒక మూడో పేజీ

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ సంస్థ డైరెక్టర్ గారికి,



నేను కడప జిల్లా చాపాడు మండలంలో ఒక చిన్న ఊరి ప్రాథమిక పాఠశాలలో చాలా ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరైన ఎస్జీటీని. ప్రొద్దుటూరుకూ మైదుకూరుకూ నడుమ, కుందూ పక్కన ఉంటుంది మా మండలం. కేసీ కాలువ నీళ్ళు వచ్చిన ఏడు వరి, పసుపు. రాని ఏడు ఆకాశం వైపు చూపులు. మీ ఆఫీసుకు పోస్టులో వేయాల్సిన ఈ ఉత్తరాన్ని నలుగురూ చదివేలా రాయడానికి కారణం ఉంది. నేను అడగబోయే పని మీ సంతకంతో మొదలవుతుంది. కానీ ఊళ్ళో అది నిలబడాలంటే టీచర్లూ, పిల్లల్ని కన్నవాళ్ళూ దాన్ని తమ పని అనుకోవాలి.

ముందు ఒక పాప సంగతి చెప్పనివ్వండి.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకటో తరగతి గోడకు అక్షరాల చార్టు వేలాడేది. 'బ' దగ్గర బర్రె బొమ్మ. జూన్‌లో కొత్తగా చేరిన పాప ఆ బొమ్మ చూసి, తెలిసిన చుట్టం కనపడినట్టు, "ఎనుము!" అని అరిచింది.

"ఎనుము కాదమ్మా, బర్రె" అన్నాను.

"ఎనుమే సార్. మాకు రెండుండాయి."

"బర్రె అనాలి" అన్నాను, ఈసారి కొంచెం గట్టిగా. క్లాసు నవ్వింది. దసరా సెలవుల దాకా ఆ పాప నా క్లాసులో నోరు విప్పలేదు. హాజరు పిలిస్తే చెయ్యి మాత్రం ఎత్తేది.

నేను పరాయి జిల్లావాణ్ణి కాను. మా ఇంట్లోనూ అది ఎనుమే. మా అమ్మ తెల్లారుజామున పాలు పిండింది ఎనుము దగ్గరే. కానీ పుస్తకాలు చదివి, పరీక్షలు రాసి, ట్రైనింగుకు పోయి, నా నోటి మాటను ఒక్కొక్కటే దిద్దుకుంటూ వచ్చాను. ఆ దిద్దుకోవడమే చదువనుకున్నాను. నాకు జరిగిందాన్నే ఆ పాపకూ జరిపించాను. చాలా ఏళ్ళ తర్వాత ఒకరోజు నిఘంటువు తిరగేస్తే ఎనుము అక్కడే ఉంది. తమిళంలో ఎరుమై, కన్నడంలో ఎమ్మె దాని తోబుట్టువులు. ద్రావిడ భాషలు విడిపోకముందు నుంచీ నడిచివచ్చిన మాట అది. ఆరేళ్ళ పిల్ల నోట్లో అంత పాత మాట భద్రంగా ఉంటే, జీతం తీసుకుని మరీ నేను దాన్ని తప్పు అన్నాను.

ఎనుము ఒక్కటే కాదు. ఉల్లిపాయ మాకు ఎర్రగడ్డ, బంగాళాదుంప ఉర్లగడ్డ, వేరుశనగ బుడ్డలు. ఇల్లు ఊడిస్తే వచ్చేది కసువు. పొలంలో నడిచేది గెనిమ మీద, అంటే గట్టు మీద. రాగులతో చేసుకుని తినేది సంగటి. ఒకటో తరగతి పిల్ల ఇంటి నుంచి వందల మాటలు మోసుకొస్తుంది. గడప దగ్గర చెప్పులతో పాటు వాటినీ విడిచి రమ్మంటాం. లోపలికి వచ్చాక 'ఈ పిల్లలకు భాష రాదు' అని రిజిస్టర్లో రాసుకుంటాం. 2023 నుంచి మన బళ్ళలో రాగిజావ ఇస్తున్నారు. పిల్లల రక్తహీనత తగ్గాలని రాగులు బడి వంటగదిలోకి వచ్చాయి. మంచి పని, ఆ పని చేసినవాళ్ళకు దండం పెడతాను. రాగులు వచ్చిన ఆ దోవలోనే సంగటి అనే మాట తరగతి గదిలోకి ఎందుకు రాకూడదు అన్నదే నా ప్రశ్న.

మా ప్రాంతం పిల్లలకు ఈ సిగ్గు ఎంత అన్యాయమో చెప్పాలంటే కలమళ్ళ దాకా పోవాలి. చాపాడు నుంచి ప్రొద్దుటూరు దాటితే ఆ ఊరు దూరమేం కాదు, ఎర్రగుంట్ల మండలంలో ఉంది. క్రీస్తు శకం 575 ప్రాంతంలో రేనాటి చోళరాజు ధనంజయుడు వేయించిన శాసనం అక్కడే దొరికింది. తెలుగులో రాసిన శాసనాల్లో మనకు దొరికినవాటిలో మొదటిది అదేనని చరిత్రకారులు చెబుతారు. దానితో పాటు చెప్పుకునే ఎర్రగుడిపాడు శాసనమూ ఈ జిల్లాదే. అంటే రాజులు సంస్కృతం పక్కన పెట్టి జనం భాషను రాతి మీద చెక్కించడం మొదలైన నేల ఇది. ఈ నేల పిల్లలకు 'మీకు తెలుగు సరిగ్గా రాదు' అని చెప్పే హక్కు నాకు ఎవరిచ్చారు?

ఆ శాసనం ఫొటో ఒకటి సంపాదించి నాలుగో తరగతి గోడకు అంటించాను. అక్షరాలు ఎవరికీ అర్థం కాలేదు. అర్థం కాకపోవడమే మంచిదైంది. "ఇది మన తెలుగేనా సార్?" అని వారం రోజులు అడిగారు. ఒక పిల్లవాడు ఇంకో ప్రశ్న తెచ్చాడు: "సార్, మన మండలం పేర్లో పాడు ఎందుకుండాది? చెడిపోయిన ఊరా ఇది?" నాకు జవాబు తెలియలేదు. రేపు చెప్తానన్నాను. ఆ రాత్రి కేతు విశ్వనాథరెడ్డి గారు గుర్తొచ్చారు. కథకుడిగా ఆయన లోకానికి తెలుసు. కడప ఊర్ల పేర్ల మీదే ఆయన పరిశోధన చేసి డాక్టరేటు తీసుకున్నారని చాలామందికి తెలియదు. ఆ దారిలో వెతికితే తెలిసింది, ఊరి పేర్ల చివర వచ్చే 'పాడు' అంటే చెడిపోయినదని కాదు, ఊరనే అర్థం. మరునాడు ఆ మాట చెప్పినప్పుడు ఆ పిల్లవాడి ముఖం చూడాల్సింది. ఆ నెలంతా పిల్లలు అవ్వల దగ్గర, తాతల దగ్గర చేల పేర్లు, కుంటల పేర్లు, బీళ్ళ పేర్లు రాసుకొచ్చారు. సాంఘిక శాస్త్రంలో అంత రాత వాళ్ళు అంతకు ముందెప్పుడూ రాయలేదు.

మా యాసను లోకం సినిమాల్లో వింటుంది. కత్తి పట్టినవాడి నోట్లోనో, నవ్వించేవాడి నోట్లోనో వింటుంది. డాక్టరు, ఇంజినీరు, టీచరు పాత్రలు మా యాస మాట్లాడగా నేను చూసింది చాలా తక్కువ. పిల్లలు అదీ చూస్తారు. తమ మాట దేనికి పనికొస్తుందో ఆ వయసులోనే లెక్క కట్టుకుంటారు. వేంపల్లె షరీఫ్ 'జుమ్మా' కథల పుస్తకానికి 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చినప్పుడు, ఆ పుస్తకం బడికి తీసుకుపోయి పిల్లలకు అట్ట చూపించాను. పులివెందుల పక్కనున్న వేంపల్లెలో పుట్టిన మనిషి, ఒక ముస్లిం ఇంటి బాల్యాన్ని మన మాటల్లో రాశాడు, దానికి ఢిల్లీ వాళ్ళు బహుమతి ఇచ్చారు అని చెప్పాను. మా క్లాసులో ఉర్దూ ఇంటి నుంచి వచ్చే పాప ఒకతి ఉండేది. ఆ రోజు తనే లేచి నల్లబల్ల మీద 'నీళ్ళు' అన్న మాట పక్కన 'పానీ' అని రాయమంది. దాని పక్కన 'వాటర్' ఎలాగూ ఉంది. ఆ వరస ఆ ఏడాది చివరిదాకా చెరపలేదు.

భాష సంగతే ఎక్కువ చెప్పాను. నిజానికి నన్ను ఎక్కువ మార్చింది లెక్కలు.

మూడో తరగతికి గడియారం చెప్తున్నాను. అట్ట గడియారం ముల్లు తిప్పి "ఎంతైంది?" అంటే ఒక పిల్లవాడు ఎప్పుడూ బిక్కమొహం వేసేవాడు. ఒకరోజు బెంచీ మీదే నిద్రపోయాడు. లేపి అడిగితే, "రాత్రి మా నాయనతో నీళ్ళకు పోయినా సార్" అన్నాడు. కాలువ కింద నీళ్ళు వంతుల వారీగా వదులుతారని మీకు తెలిసే ఉంటుంది. రాత్రి వంతు వస్తే మనుషులు లాంతరో టార్చిలైటో పట్టుకుని గెనిమల మీద కాపు కాయాలి.

"మీ వంతు ఎప్పుడు?"

"రెండుకు. నాలుగున్నరకు పక్కోళ్ళకు ఇడ్సినాం."

"ఎంతసేపు పారింది?"

"రెండున్నర గంట. ఎకరా ఇరవై సెంట్లు తడిసింది. ఇంగ ముప్పై సెంట్లు మిగిలిపాయ. దానికి అర్ధగంట పైన్నే కావాల సార్."

నేను చాక్‌పీసు తీసుకుని బల్ల మీద వేసి చూశాను. నూట ఇరవై సెంట్లకు నూట యాభై నిమిషాలు. ముప్పై సెంట్లకు ముప్పై ఏడున్నర నిమిషాలు. అర్ధగంట పైనే. పై తరగతుల్లో నేర్పాల్సిన త్రైరాశికం అది. ఆ పిల్లవాడు చీకట్లో, చలిలో, మట్టిలో నిలబడి నేర్చుకున్నాడు. నా రికార్డులో వాడికి లెక్కల్లో అన్నిటికంటే కింది గ్రేడు ఉంది. గ్రేడు వాడిది కాదు, నా పాఠానిది. ఆ తర్వాతి వారం గడియారం పాఠం నీళ్ళ వంతు పాఠమైంది. రాత్రి రెండుకు, పగలు రెండుకు తేడా ఏమిటని ఎవరూ నన్ను అడగలేదు. వాళ్ళే నాకు చెప్పారు.

ఇంకోసారి పసుపు. నాటి ఎనిమిది తొమ్మిది నెలలు కాచుకుని తవ్వే పంట. తవ్విన కొమ్ముల్ని ఉడకబెట్టి ఎండబెడతారు. కూలికి పోయే ఒక అవ్వను బడికి పిలిచాను. ముందు రానంది. "నాకేం తెల్సునాయనా, నేను వేలిముద్రదాన్ని" అంది. తీరా వచ్చి కూర్చున్నాక గంటసేపు ఎవరూ కదల్లేదు. "ఐదు కిలోలు పచ్చి కొమ్ము ఎండితే ఎంతొస్తాదవ్వా?" అని ఒక పిల్ల అడిగింది. "ఒక కిలో. గడ్డ బాగుంటే ఇంకొంచెం" అంది. పిల్లలు నమ్మలేదు. సరే, నిజం తేల్చుకుందాం అన్నాను. ఐదు కిలోలు ఉడకబెట్టి బడి మిద్దె మీద ఎండబోశాం. రెండ్రోజులకు ఒకసారి తూకం వేసి, నోటుబుక్కులో రాసి, గీతల పటం గీశారు. గీత కిందికి దిగి దిగి చివరికి కిలోకు కాస్త పైన ఆగింది. శాస్త్రం పుస్తకంలో బాష్పీభవనం అన్న మాటకు అర్థం అడిగితే, "పసుపులో నీళ్ళు యాడికి పోయినాయో అది సార్" అన్నాడొకడు. అంతకంటే మంచి నిర్వచనం నేను చెప్పలేదు.

ఇవేవీ నేను కనిపెట్టినవి కావు. ఈ దారి వేసినవాళ్ళు మన తెలుగువాళ్ళే. పర్లాకిమిడిలో టీచరుగా ఉన్న గిడుగు రామమూర్తి గారు సవర గిరిజన పిల్లలకు తెలుగులో చదువు చెప్పలేక, తానే సవర నేర్చుకున్నారు. సొంత డబ్బుతో వాళ్ళ భాషలోనే బళ్ళు పెట్టించారు. ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు రాశారు. వ్యావహారిక భాషా ఉద్యమం ఆయన తర్వాత చేసిన పని. పిల్లవాడి నోటి మాటతో బడి మొదలవ్వాలన్న బుద్ధి ఆయనకు ముందు సవర గూడేల్లోనే పుట్టి ఉంటుందని నేను అనుకుంటాను. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా చేసుకుంటాం. ఆ రోజు మా పిల్లలు పద్యాలు కంఠస్థం చేసి అప్పజెబుతారు. వాళ్ళ ఇంటి మాట ఆ రోజు కూడా బయటే ఉంటుంది.

మన రాష్ట్రానికి ఈ పని కొత్త కాదు. 2004లో, ఉమ్మడి రాష్ట్రంలో, సవర, కోయ, గోండి, కొలామి, కువి, కొండ, బంజారా, ఆదివాసీ ఒరియా, ఈ ఎనిమిది భాషల్లో గిరిజన పిల్లలకు పాఠాలు తయారు చేయించారు. ఆ పుస్తకాల్లో వాళ్ళ కొండలూ వాళ్ళ పండుగలూ వాళ్ళ పోడూ ఉన్నాయి. కొండ మీద చేయగలిగిన పని మైదానంలో అవసరం లేదని ఎందుకనుకున్నామో నాకు అర్థం కాదు. పేరుకు తెలుగే కదా అనుకున్నామేమో. ఆ 'పేరుకు' అన్నదాంట్లోనే మా ఎనుము మునిగిపోయింది.

మా సీమలోనే ఇంకో పెద్ద ఉదాహరణ ఉంది. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ స్కూలు వాళ్ళు చుట్టుపక్కల పల్లెల్లో చిన్న చిన్న బళ్ళు పెట్టారు. ఒకే గదిలో, ఒకే టీచరు, అన్ని తరగతుల పిల్లలు. పద్మనాభరావు, రమ గార్లు అక్కడ పాఠ్యపుస్తకాన్ని విప్పి వందల కార్డులుగా చేశారు. పిల్లవాడు తన వేగంతో నిచ్చెన మెట్లలా ఒక్కో కార్డూ ఎక్కుతూ పోతాడు. ఆ కార్డుల్లోకి ఊరి కథలు, ఊరి పాటలు వచ్చాయి. తల్లులు బడికి వచ్చి కథలు చెప్పేవాళ్ళు. మెట్రిక్ మేళా అని పెట్టి, ఊళ్ళో జనం బరువు తూచి, ఎత్తు కొలిచి, సరుకులు అమ్మి, పిల్లలు లెక్కలు నేర్చుకునేవాళ్ళు. ఆ పద్ధతి చూసి వెళ్ళిన మైసూరు జిల్లా హెచ్.డి.కోటె టీచర్లు 1995లో నలి-కలి మొదలుపెట్టారు. అది కర్ణాటక అంతటా పాకింది. చెన్నై కార్పొరేషన్ 2003లో పదమూడు బళ్ళలో మొదలుపెట్టిన పద్ధతి కొన్నేళ్ళలోనే తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నిటికీ చేరింది. మన నేలలో మొలిచిన విత్తనానికి ఇరుగుపొరుగు పొలాలే ముందు నీళ్ళు పెట్టుకున్నాయి. నాకు బాధ కలిగించే విషయం ఇది.

దూరాన అమెరికాలో కూడా ఇదే వెతుకులాట జరిగింది. గ్లోరియా లాడ్సన్ బిల్లింగ్స్ అనే ఆచార్యురాలు నల్లజాతి పిల్లల్ని బాగా చదివించిన ఎనిమిది మంది టీచర్ల పని దగ్గరుండి చూసి 1994లో పుస్తకం రాశారు. ఆ టీచర్లు పిల్లల ఇంటి సంస్కృతిని లోపంగా చూడలేదు, చదువు తగ్గించి చెప్పనూ లేదు. ఆ రెండూ కలిసి ఉండడమే ముఖ్యం. అరిజోనాలోని టూసాన్‌లో లూయిస్ మోల్, ఆయన తోటివాళ్ళు టీచర్లను మెక్సికన్ కుటుంబాల ఇళ్ళకు పంపారు. పాఠం చెప్పడానికి కాదు, నేర్చుకోవడానికి. పశువుల పెంపకం, గనుల పని, మరమ్మతులు, నాటు వైద్యం, ఇలా ఆ ఇళ్ళలో ఉన్న తెలివినంతా రాసుకొచ్చి పాఠాలు చేశారు. ఆ దేశంలో 1991లో మిన్నెసోటా చేసిన చట్టంతో చార్టర్ బళ్ళు వచ్చాయి. ఫీజు ఉండదు. డబ్బు ప్రభుత్వానిది. పాఠం చెప్పే తీరులో బడికి స్వేచ్ఛ ఉంటుంది, ఫలితానికి బాధ్యతా ఉంటుంది. పట్నాల్లో పేద పిల్లలుండే కొన్ని చార్టర్ బళ్ళు ఆ స్వేచ్ఛను పిల్లల సంస్కృతి చుట్టూ చదువు అల్లడానికి వాడుకున్నాయి. హవాయిలో స్థానిక భాషనూ, చేపల చెరువుల్నీ, చేలనూ పాఠంగా చేసుకున్న బళ్ళూ అలాంటివే.

అలాంటి బళ్ళు ఇక్కడ వేరుగా పెట్టమని నేను అడగడం లేదు. ఊరికి ఉన్న ఒక్క ప్రభుత్వ బడిని చీల్చే పని ఏదీ నాకు ఇష్టం లేదు. ఆ స్వేచ్ఛలో ఒక చిటికెడు మా ఎంపీపీ స్కూలుకే ఇవ్వమంటున్నాను.

ఎలాగో చెప్తాను. 2020-21 నుంచి మన పాఠ్యపుస్తకాలు రెండు భాషల్లో వస్తున్నాయి. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు. పుస్తకం తెరిస్తే రెండూ ఒకదాన్నొకటి చూసుకుంటూ ఉంటాయి. నేను అడిగేది ప్రతి పాఠం చివర ఒక మూడో పేజీ. ఖాళీ పేజీ. పైన 'మా ఊరు' అన్న మాట తప్ప దాంట్లో ఏమీ అచ్చు వేయొద్దు. దాన్ని నింపేది ఆ బడి పిల్లలు, టీచరు, ఊరివాళ్ళు. మొక్కల పాఠం వెనక మా పిల్లలు పసుపు గురించి రాస్తారు. ప్రొద్దుటూరులో బంగారం పని చేసే ఇళ్ళ పిల్లలు కొలతల పాఠం వెనక ఒక సవర బంగారమంటే ఎనిమిది గ్రాములని రాసి, నాన్న త్రాసులో మిల్లీగ్రాములు ఎలా చూస్తాడో బొమ్మ వేస్తారు. జమ్మలమడుగు వైపు మగ్గం ఇళ్ళవాళ్ళు పడుగు, పేకలతో గుణకారం చేస్తారు. పులివెందుల పిల్లలు చీనీ తోటలో చెట్ల వరసలు లెక్కబెడతారు. శ్రీకాకుళంలో, భీమవరంలో ఏం రాస్తారో నాకు తెలియదు, తెలుసుకోవాలని ఉంది.

ఖాళీ పేజీ వల్ల ఏమవుతుందని మీరు అడగవచ్చు. టీచరు మనసు మీకు తెలుసు. సిలబస్ ఏ నెలకు ఎంత కావాలో రాసి ఉంటుంది. ఎంఈవో వస్తారు, ఫొటో అప్‌లోడ్ కావాలి. అవ్వను పిలిచి పసుపు మాట్లాడించిన గంట ఏ కాలమ్‌లోనూ పడదు. అందుకే మంచి టీచర్లు ఈ పని దొంగతనంగా చేస్తారు. నేనూ అలాగే చేశాను. పుస్తకంలో మీరు ఆ పేజీ అచ్చు వేస్తే అది సిలబస్ అవుతుంది. నింపని పేజీ గురించి అడిగేవాళ్ళు ఉంటారు, నింపిన పేజీకి భయపడాల్సిన పని ఉండదు. కాంప్లెక్స్ మీటింగుల్లో సర్క్యులర్లు చదువుకునే సమయంలో సగం ఆ పేజీలు ఒకరికొకరు చూపించుకోవడానికి ఇవ్వండి. వేరే జిల్లా నుంచి బదిలీ మీద వచ్చిన టీచరుకు మొదటి నెలలో ఆ ఊరి మాటల పట్టిక చేతికి రావాలి. ఆ పట్టిక పిల్లలే తయారు చేయగలరు.

చట్టం మీ వైపే ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ వీలైనంతవరకు తల్లిభాషలో బోధన ఉండాలంటుంది. ఆ వెంటనే ఇంకో మాట అంటుంది: పిల్లవాడు భయం లేకుండా, ఆందోళన లేకుండా, తన అభిప్రాయం స్వేచ్ఛగా చెప్పగలిగేలా బడి ఉండాలని. మొదటి మాట మీద కోర్టుల దాకా పోట్లాడుకున్నాం. రెండో మాటను ఎవరూ గుర్తుచేయరు. చార్టు దగ్గర నవ్వులపాలైన ఆ పాప గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఆ రెండో మాటే గుర్తొస్తుంది.

తల్లిదండ్రులు ఇంగ్లీషు కావాలంటున్నారు కదా అని మీరంటారు. అంటున్నారు. వాళ్ళు చెప్పేది న్యాయమే. "మేం మట్టిలో పడి చస్తాండాం, మా పిల్లోడన్నా ఇంగ్లీషు మాట్లాడాల సార్" అని ఒక తండ్రి నా చేతులు పట్టుకున్నాడు. నేను ఇంగ్లీషుకు అడ్డం చెప్పడం లేదు. మాట్లాడడం మానేసిన పిల్ల ఏ భాషా మాట్లాడదు. ఎనుము అనే మాటను బల్ల మీద రాసి, దాని పక్కన బర్రె, దాని పక్కన బఫెలో రాస్తే పిల్లకు మూడు మాటలు వస్తాయి. మొదటిదాన్ని కొట్టేస్తే మిగిలిన రెండూ దేనికి అతుక్కుంటాయి?

నాకు నిజంగా బరువైన ప్రశ్న వేరే ఉంది. అది దాచి ఉత్తరం ముగిస్తే అన్యాయం. ఊరు అంటే ఎవరి ఊరు? నేను మొదట బడికి పిలిచిన పెద్దలందరూ మిద్దె ఇళ్ళవాళ్ళే. పొలం ఉన్నవాళ్ళే. ఎస్సీ కాలనీ నుంచి వచ్చే ఒక పిల్లవాడు, తన తండ్రి డప్పు బాగా కొడతాడని పక్కవాడికి చెప్పి, నేను వినగానే మాట మింగేశాడు. వాడి భయం నాకు అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. ఊరి సంస్కృతి అని మనం మురిసిపోయేదాంట్లో ఎవర్ని గుడి బయట నిలబెట్టామో కూడా ఉంది. మూడో పేజీని ఊరి పెద్దమనుషులకు అప్పజెబితే అది వాళ్ళ ఇళ్ళ పేజీ అవుతుంది. అందుకే పేజీ పిల్లల చేతిలో ఉండాలి. ప్రతి ఇంటికీ వంతు రావాలి, నీళ్ళకు వచ్చినట్టే. ఆ తండ్రి చివరికి బడికి వచ్చాడు. డప్పును మంట దగ్గర కాచి, ఎందుకు కాచాలో చెప్పాడు. చర్మం బిగుసుకుంటే శబ్దం మారుతుందన్నాడు. ధ్వని పాఠం ఆ పూట అక్కడే అయిపోయింది. ఆ మధ్యాహ్నం కొంతమంది ఇళ్ళ నుంచి నాకు ఫిర్యాదులు వచ్చాయి. వాటికి నేను జవాబు చెప్పాను, ఇప్పుడూ చెప్పగలను. కానీ కొత్తగా వచ్చిన ఇరవై నాలుగేళ్ళ టీచరమ్మ ఒంటరిగా చెప్పలేదు. ఆమె వెనక మీ పుస్తకం ఉండాలి.

అన్ని జిల్లాలకూ ఒకేసారి వద్దు. చాపాడు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మండలాల్లో కొన్ని బళ్ళు తీసుకోండి. ఒక్క తరగతితో, మూడో తరగతితో మొదలుపెట్టండి. ఒక ఏడాది చూడండి. పిల్లలు ఎంత రాశారో, ఎంత మాట్లాడారో చూడండి. మార్కులు కూడా చూడండి, నాకేం భయం లేదు.

నా దగ్గర ఒక పొడుగు నోటుబుక్కు ఉంది. ఇన్నేళ్ళలో పిల్లలు తెచ్చిన మాటలు, చేల పేర్లు, అవ్వలు చెప్పిన లెక్కలు అందులో రాసి పెట్టాను. అట్ట చిరిగింది కానీ రాత బాగుంది. మీ సంస్థ నుంచి ఎవరైనా వస్తే ఇస్తాను, కూర్చుని చదివి వినిపిస్తాను కూడా. రావడానికి ముందు ఒక్క మాట. జనవరి నుంచి మార్చి దాకా ఇక్కడ పసుపు తవ్వకాలు, ఉడకబెట్టడాలు. అవ్వలు ఎవరూ ఇంటి దగ్గర దొరకరు. ఏప్రిల్ మొదట్లో రండి. పొద్దున్నే వస్తే ఎండ ముదరకముందే రెండు మూడు ఇళ్ళు తిరగొచ్చు.

ఇట్లు,
చాపాడు మండలం నుంచి ఒక రిటైర్డ్ టీచరు